ఖాళీ నిమిషాల విలువ: సర్ఫింగ్ లీగ్ యాప్‌లోని హీట్ రీప్లే, తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ప్రపంచస్థాయి సర్ఫింగ్ పోటీలు నడిపే వరల్డ్ సర్ఫ్ లీగ్ యాప్‌ను నేను 2016 నుంచి వాడుతున్నాను. ప్రత్యక్ష ప్రసారం ఎలా వస్తుంది, బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది, పోటీల పట్టిక ఎక్కడ దొరుకుతుంది అనేవి వాడేవాళ్లందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఒకే ఒక్క సదుపాయం గురించి. జరిగిపోయిన హీట్‌ను, అంటే సర్ఫర్లు నిర్ణీత సమయం పాటు తలపడే ఒక విడతను, మొదటి నిమిషం నుంచి చివరి హారన్ దాకా, అలలు రాని ఖాళీ నిమిషాలతో సహా, విడిగా తెరిచి చూసుకునే వీలు అందులో ఉంది. ఆ వీలు లేకపోయి ఉంటే, సర్ఫర్ల మధ్య వైరాల గురించి నేను ఈనాడు నమ్ముతున్న వాటిలో సగం తప్పుగానే మిగిలిపోయేవని నా నమ్మకం.

సర్ఫింగ్‌లో ఇద్దరు మనుషులు నిజంగా తలపడేది అల మీద కాదు, అల కోసం ఎదురుచూసేటప్పుడు. అల మీద ఉన్నప్పుడు ఎవరి విద్య వారిది. ఐదుగురు న్యాయనిర్ణేతలు పదికి మార్కులు వేస్తారు, అందులో అన్నిటికన్నా ఎక్కువనీ తక్కువనీ తీసేసి మిగిలిన మూడింటి సగటు కడతారు, ఒక్కొక్కరికి రెండు మంచి అలలు లెక్కలోకి వస్తాయి. కానీ వచ్చే అల ఎవరిది అనేది ప్రయారిటీ, అంటే అలను ముందుగా ఎంచుకునే హక్కు, తేలుస్తుంది. ప్రయారిటీ ఉన్నవాడు అలను ఎంచుకుంటే రెండోవాడు అతనికి అడ్డు రాకూడదు. ఉన్నవాడు ఒక అల ఎక్కినా, ఎక్కబోయి తప్పినా ఆ హక్కు రెండోవాడి చేతికి పోతుంది. అందుకే ప్రయారిటీ ఉన్నవాడు ప్రత్యర్థి పక్కనే బోర్డు మీద కూర్చుని, అతను ఏ అల వైపు కదిలినా తానూ కదిలి, పది నిమిషాల పాటు అతన్ని కట్టిపడేయగలడు. తెర మీద ఇదంతా ఒక పేరు పక్కన వెలిగే చిన్న గుర్తుగానూ, దాని దగ్గరే కనిపించే మిగిలిన సమయం, గెలవడానికి కావలసిన స్కోరు అనే రెండు అంకెలుగానూ ఉంటుంది. ఆన్‌లైన్‌లో తిరిగే వీడియో ముక్కల్లో మొదట కత్తిరించేది సరిగ్గా ఈ నిమిషాలనే.

నేను ఈ మాట పుస్తకజ్ఞానంతో అనడం లేదు. ఆదివారాలు ఉదయం రుషికొండ దగ్గర అద్దె బోర్డుతో నీళ్లలోకి దిగే అలవాటు నాకు ఉంది. అక్కడ మార్కులూ గుర్తులూ ఏమీ ఉండవు; అల విరగడం మొదలయ్యే చోటుకు ఎవడు దగ్గరగా ఉంటే అల వాడిది అన్నదే రివాజు. అయినా ఒకరోజు నేను లేచి నిలబడుతుండగా ముందునుంచి ఒక కుర్రాడు దూరిపోతే, బోర్డు ముక్కు తిప్పుకునే చోటు లేక నేను పక్కకు పడిపోయి ఉప్పునీళ్లు మింగాను. డ్రాప్-ఇన్, అంటే ఇంకొకరి అలలోకి దూరిపోవడం, ఏమిటో ఆ క్షణంలో నా ఒంటికి తెలిసింది. తర్వాత చెప్పబోయే సంగతిలో నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో అర్థం కావాలని ఇది రాస్తున్నాను.

2019 డిసెంబరులో హవాయిలోని పైప్‌లైన్ తీరంలో పైప్ మాస్టర్స్ పోటీ జరుగుతోంది. ప్రపంచ టైటిల్ కోసం బ్రెజిల్‌కే చెందిన గాబ్రియేల్ మెదీనా, ఇటాలో ఫెరేరా పోటీ పడుతున్నారు. హవాయికీ మనకీ పదిహేనున్నర గంటల తేడా కనుక అక్కడి ఉదయం మనకు అర్ధరాత్రి అవుతుంది. నేను టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాను గానీ, మా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ ఆ రాత్రే చేతులెత్తేసింది. ఫిర్యాదు నంబరుకు రెండుసార్లు ఫోన్ చేసి, రౌటర్ మీద ఎర్ర దీపం ఆరకపోవడం చూసి, చివరకు పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి ఫోన్‌లో నాకోసం ఎదురుచూస్తున్నది హీట్ కాదు, ఇరవై సెకన్ల వీడియో ముక్క. మెదీనా ప్రత్యర్థి కాయో ఇబెలీ అల ఎక్కుతున్నాడు, మెదీనా అతని ముందుకు దిగి అడ్డుపడ్డాడు, హీట్ అయిపోయింది, గెలిచింది మెదీనాయే. వెనక భయపెట్టే సంగీతం, పైన పెద్ద అక్షరాలతో మోసగాడన్న ముద్ర.

మా బావమరిది హైదరాబాదులో ఉంటాడు. 2014లో మెదీనా బ్రెజిల్ నుంచి మొట్టమొదటి ప్రపంచ విజేత అయిన నాటి నుంచి అతను మెదీనా మనిషి. నేను అంతకు ముందు తరం అమెరికా సర్ఫర్ కెల్లీ స్లేటర్ కాలం వాణ్ణి. మా మధ్య ఎన్నేళ్లుగానో నడుస్తున్న ఎత్తిపొడుపుల్లో ఆ ఉదయం నాది పైచేయి అనుకుని, ఆ ముక్కను అతనికి పంపి, మీవాడి సంస్కారం ఇదీ అని రాశాను. అతను వెంటనే ఫోన్ చేసి, "బావా, హీట్ చూశావా? ముక్క చూశావా? ముందు అది చెప్పు" అన్నాడు. నేను చూడలేదని ఒప్పుకోలేక మాట పెంచాను, అతనూ పెంచాడు, ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటలు లేవు.

ఇంటర్నెట్ బాగయ్యాక యాప్‌లో ఆ హీట్ తెరిచి మొదటి నుంచి చూశాను. సముద్రం నత్తనడకన ఉంది. ఇద్దరి చేతిలోనూ పెద్ద స్కోర్లు లేవు. చాలాసేపు కెమెరాకు చూపించడానికి కూడా ఏమీ లేక, బోర్డుల మీద కూర్చున్న రెండు తలలనే దూరం నుంచి చూపిస్తుంటారు. చివరికొచ్చేసరికి మెదీనా ముందున్నాడు, ప్రయారిటీ గుర్తు మాత్రం కాయో పేరు పక్కన ఉంది, గడియారం సెకన్లలోకి దిగింది. అప్పుడు కాయో ఒక అల అందుకున్నాడు. అది బాగా కుదిరి ఉంటే గెలుపు చేతులు మారిపోయేది. మెదీనా ముందుకు దిగాడు. ఆనాటి నియమం ప్రకారం అందుకు శిక్ష, రెండు అలల్లో ఒకటి లెక్కలోంచి పోవడం. నేను బొమ్మ ఆపి అంకెలు చూసుకున్నాను. మెదీనాకు మిగిలే ఒక్క అల కూడా కాయో రెండు అలల మొత్తం కంటే ఎక్కువే. అంటే శిక్ష పడుతుందని తెలిసే, ఆ శిక్ష తనను ఓడించదని లెక్క కట్టే, ప్రత్యర్థికి మిగిలిన ఒక్క దారినీ అతను మూసేశాడు.

అది నాకు నచ్చిందని చెప్పడం లేదు. రుషికొండలో నీళ్లు మింగినవాణ్ణి కనుక ఈనాటికీ నచ్చదు. కానీ ఆ ముక్క చెప్పినట్లు అది ఆవేశంలోనో అహంకారంతోనో చేసిన పని కాదు. నియమాల పుస్తకంలో ఉన్న ఒక సందును చివరి సెకన్లలో, అంత ఒత్తిడిలో, లెక్క తప్పకుండా వాడుకున్న పని. పైగా రీప్లేల జాబితాలో ఇంకొంచెం వెనక్కి వెళ్తే, అదే ఏడాది అక్టోబరులో పోర్చుగల్‌లోని పెనీషె దగ్గర ఇదే కాయోతో జరిగిన హీట్ కూడా ఉంది. అక్కడ ప్రయారిటీ కాయోది అయి ఉండగా అల ఎక్కినందుకు మెదీనాకు శిక్ష పడి, హీట్ పోయి, టైటిల్ తేలడం హవాయి దాకా వాయిదా పడింది. రెండు హీట్లూ వెంటవెంటనే చూసినవాడికి డిసెంబరులో నీళ్లలో ఉన్నది ఇద్దరు మనుషులే కాదని, అక్టోబరు బాకీ కూడా వాళ్లతో పాటు అక్కడ కూర్చుని ఉందని అర్థమవుతుంది. హవాయి పోటీ ఫైనల్‌లో ఇటాలో మెదీనాను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. నేను బావమరిదికి ఫోన్ చేసి, హీట్ ఇప్పుడే చూశానని, చూడకుండా మాట్లాడటం నా తప్పని చెప్పాను. "ఇప్పుడు తిట్టు బావా, వింటాను" అన్నాడు. ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం.

ఆనాటి నుంచి కొన్నేళ్ల పాటు నేను కనిపించినవారందరికీ, హీట్ మొత్తం చూస్తే నిజం తెలిసిపోతుందని చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రీప్లే ప్రయారిటీ ఎవరిదో చెబుతుంది గానీ మనసులో ఏముందో చెప్పదు. పెనీషె హీట్‌ను మూడుసార్లు చూసిన నేనూ మా బావమరిదీ ఇప్పటికీ రెండు వేర్వేరు కథలు చెబుతాం. నీళ్లలో ఇద్దరూ ఒకరినొకరు ఏమనుకున్నారో మనకు వినిపించదు. అదీగాక, పోటీ నడిపేదీ, దాన్ని చూపించేదీ ఒకే సంస్థ అయినప్పుడు వ్యాఖ్యాతలు తీర్పులను నిలదీసే తీరు కొంత మెత్తగా ఉండటం సహజం. కొన్ని హీట్లు నేను శబ్దం తీసేసి చూడటానికి కారణం అదే.

ఇంకొక లోటు ఒలింపిక్స్ విషయంలో తెలిసింది. ఒలింపిక్స్ ఈ లీగ్ నడిపేవి కావు కనుక ఒక వైరం సగం ఇక్కడ, సగం వేరేచోట వెతుక్కోవలసి వస్తుంది. మెదీనాకూ జపాన్ తరఫున ఆడే కనోవా ఇగరాషికీ మధ్య నడిచినది అలాంటిదే. 2021 జులైలో జపాన్‌లోని త్సురిగసాకి తీరంలో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్ జరిగింది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఇగరాషికి అది వాళ్ల నాన్న సర్ఫింగ్ చేసిన తీరం. హీట్ చివరి భాగంలో అతను గాల్లోకి ఎగిరి దిగిన ఒక అలకు 9.33 వచ్చి, 17.00కి 16.76తో మెదీనా ఓడిపోయాడు. మెదీనాను వెనకేసుకొచ్చే బ్రెజిల్ జనం ఆన్‌లైన్‌లో ఇగరాషి మీద విరుచుకుపడితే, పోర్చుగీసు బాగా వచ్చిన ఇగరాషి వాళ్ల భాషలోనే, ఏడవండి, నేను సంతోషంగా ఉన్నాను అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆ జవాబు గురించి రాసినవారిలో పదోవంతు మంది కూడా ఆ రెండు స్కోర్ల మధ్య తేడా పావు మార్కుకు లోపే అన్న సంగతి రాయలేదని నాకు అనిపించింది.

ఆ తర్వాత మెదీనా పేరు మీద వచ్చిన వార్తల్లో అలల కంటే అతని సంసారం గురించినవే ఎక్కువగా ఉండేవి. 2022 జనవరిలో మానసిక ఆరోగ్యం కోసం సీజన్ మొదటి పోటీలకు దూరంగా ఉంటానని అతను ప్రకటించినప్పుడు మా బావమరిది వెటకారాలన్నీ పక్కనపెట్టి నిజంగా బాధపడ్డాడు, నేనూ బాధపడ్డాను. ఎన్నేళ్లు దెప్పిపొడిచినా ఒక మనిషి ఆటను హీట్ల కొద్దీ, నిమిషం వదలకుండా చూసినప్పుడు అతను వార్తల్లోని బొమ్మగా మిగలడు.

2024 జులై 29న పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా తాహితీ ద్వీపంలోని తెయాహుపూ దగ్గర జరిగినది అందరికీ ఫొటోగా తెలుసు. వార్తాసంస్థ ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే పడవ మీంచి తీసిన ఆ చిత్రంలో మెదీనా అల దాటి గాల్లో నిటారుగా నిలబడి వేలు పైకి చూపిస్తుంటాడు, బోర్డు కూడా అతని పక్కనే నిలువుగా లేచి ఉంటుంది. సర్ఫింగ్ అంటే ఏమిటో తెలియని మా వీధి కిరాణా కొట్టాయన కూడా ఆ ఫొటో నాకు చూపించి, ఇది మీ ఆటే కదా అని అడిగాడు. నాకు చాలా సంతోషం వేసింది. అయితే ఆ ఫొటోలో లేని మనిషి ఒకడున్నాడు. ఆ హీట్‌లో ప్రత్యర్థి ఇగరాషి. ఆ అలకు 9.90 వచ్చింది, హీట్ 17.40కి 7.04తో ముగిసింది. మూడేళ్ల కిందటి పావు మార్కుకు అది బదులు. ఒలింపిక్స్ ప్రసారం చేసిన యాప్‌లో ఆ హీట్ మొత్తాన్ని వెతికి పట్టుకోవడానికి నాకు గంట పట్టింది. ఆ గంటా లీగ్ యాప్ విలువ గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. అదే పోటీ సెమీఫైనల్‌లో సముద్రం చల్లబడిపోయి, ఒక్క అలకు మించి ఎక్కే అవకాశం దొరకక మెదీనా ఆస్ట్రేలియాకు చెందిన జాక్ రాబిన్సన్ చేతిలో ఓడిపోయాడు, తర్వాత కాంస్యం గెలిచాడు. రెండో అల కోసం ఎదురుచూస్తూ అతను బోర్డు మీద కూర్చున్న ఆ నిమిషాలకు ఫొటో లేదు. నాకైతే ఆ ఒలింపిక్స్ అంటే అవే గుర్తుకొస్తాయి.

ఒక్కోసారి నేను వెనకటి కాలం గురించి కూడా ఆలోచిస్తుంటాను. హవాయి సర్ఫర్ ఆండీ ఐరన్స్ 2002 నుంచి 2004 వరకు వరసగా మూడు టైటిళ్లు గెలిచాడు. 2003 టైటిల్ పైప్‌లైన్ దగ్గర ఆఖరి పోటీలో స్లేటర్‌ను దాటి తెచ్చుకున్నదే. వాళ్ల మధ్య ద్వేషం నిజమైనదని, తర్వాత స్నేహంగా మారిందని అందరూ రాస్తారు. 2010 నవంబరులో ఐరన్స్ ముప్ఫై రెండేళ్లకే చనిపోయాడు. కొద్ది రోజులకే ప్యూర్టో రీకోలో స్లేటర్ తన పదో టైటిల్ గెలిచి దాన్ని ఐరన్స్‌కు అంకితమిచ్చాడు. ఆ వైరంలో నేను చూసినవన్నీ ముక్కలూ ముఖాముఖీలే. నేను స్లేటర్ పక్షం వాణ్ణని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నది ఆ ముక్కల ఆధారంగానేనని మా బావమరిది ఈ మధ్య గుర్తుచేశాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వాడదలచినవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. రీప్లే చూసే ఆనందమంతా ఫలితం తెలియకపోవడంలో ఉంది. ఒక క్రీడావార్తల యాప్ తెల్లవారుజామున పంపిన ఒక్క వాక్యం నాకు రెండు ఫైనళ్లను పాడుచేసింది; అప్పటి నుంచి పోటీ రోజుల్లో పడుకునే ముందు ఫోన్‌లో నోటిఫికేషన్లన్నీ ఆపేస్తున్నాను.

ఇక ఈ యాప్ వాడమని అందరికీ చెప్పగలనా అంటే, నా పరిస్థితి వేరు. నాది షిఫ్టుల ఉద్యోగం; రాత్రి డ్యూటీ లేని రోజున కూడా పన్నెండింటి దాకా నిద్ర రాదు, ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అరగంట హీట్‌లో ఇరవై నిమిషాలు ఖాళీ సముద్రాన్ని చూస్తూ కూర్చోగలను. తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండవలసిన మా బావమరిదికి అది కుదరదు. అతను యాప్ తీసేసి చాలా కాలమైంది. సెలవులకు విశాఖ వచ్చినప్పుడు మాత్రం భోజనాలయ్యాక నా ఫోన్ తీసుకుని, డాబా మీద చాప పరిచి, ఏ హీట్ చూడాలో తనే ఎంచుతాడు.