మా శుభలేఖ చేసిన డిజైన్ సర్వీసు: ఐదుకి మూడున్నర

పెళ్ళి కుదిరాక మా ఇద్దరి మధ్య మొదటి గొడవ బంగారు రంగు మీద వచ్చింది. నాకేమో కార్డు మెరవాలి. తనకేమో అక్షరం కనపడితే చాలు. ఇంట్లో ఎవరిని అడిగినా ఎవరో ఒకరి పక్షం చేరిపోతున్నారు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక డిజైన్ సర్వీసు పట్టుకున్నాం. పేరు చెప్పను. వాళ్ళు చేసిన మంచి పనులూ తప్పులూ రెండూ ఉన్నాయి, మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఎదురయ్యేవే.

మొదట మంచి. ఇద్దరికీ ఒకటే లింక్ ఇస్తారు. నచ్చిన డిజైన్ల మీద ఎవరికి వాళ్ళం గుర్తు పెట్టుకోవాలి. ఇద్దరూ పూర్తి చేసేదాకా ఒకరి గుర్తులు ఇంకొకరికి కనపడవు. పక్కపక్కన కూర్చుని చూస్తే మొహమాటానికి తల ఊపేస్తాం కదా, ఇందులో ఆ బాధ లేదు. నలభై డిజైన్లలో నేను పదకొండు ఎంచాను, తను ఆరు. ఇద్దరికీ కలిసింది ఒక్కటే. అదీ పొరపాటున వేలు తగిలిందట.

దాంతోనే ఆర్డర్ పెట్టేసేవాళ్ళమేమో. వాళ్ళు పంపిన కాగితం శాంపిళ్ళ ప్యాకెట్ కాపాడింది. ఇంట్లో ప్రింటర్‌లో పెట్టుకునే కాగితం మామూలుగా 80 జీఎస్ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుంది. వీళ్ళు పంపినవి 250, 300, 350. నేను ఎప్పటిలాగే అన్నిటికంటే మందంగా ఉన్నదాని మీద మనసు పడ్డాను. తను ఆ ముదురు ఆకుపచ్చ ముక్కను తీసుకుని మధ్యకి మడిచింది. మడత పొడుగునా పైన ఉన్న రంగు చిట్లి లోపలి తెలుపు బయటపడింది. అంత మందం కాగితానికి ముందు క్రీజింగ్, అంటే మడత పడే చోట గీత నొక్కడం, చేయకపోతే అంతేనని తర్వాత డిజైనర్ చెప్పారు. ఆ మాట ప్యాకెట్ మీద రాసి ఉంటే బాగుండేది.

తర్వాత తను జెల్ పెన్ను తీసి ఒక్కో శాంపిల్ మీద నా పేరు రాసి, పది లెక్కపెట్టి, వేలితో రుద్దింది. నిగనిగలాడే కాగితం మీద నేను మరకనైపోయాను. కొంచెం గరుకుగా ఉన్న 300 మీద చెక్కుచెదరలేదు. కార్డు మీద అతిథుల పేర్లు చేత్తో రాద్దామనుకునేవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. కాగితం అక్కడితో తేలిపోయింది.

ఇక బంగారం సంగతి. స్క్రీన్ మీద నేను చూసిన మెరుపు అంతా స్క్రీన్‌దే. మామూలు ప్రింటింగ్‌లో వాడేవి నాలుగు రంగులు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. వాటిని ఎలా కలిపినా మెరుపు రాదు, మట్టి కలిసిన పసుపు వస్తుంది. నిజంగా మెరవాలంటే ఫాయిల్ వేయించాలి, అంటే సన్నటి రేకును వేడితో కాగితానికి అతికించాలి. సరే, ఫాయిల్‌తో ఒక ప్రూఫ్, అంటే అచ్చు వేసే ముందు చూసుకునే నమూనా, వేయించమన్నాను. తను ఏమీ అనలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ప్రూఫ్ వచ్చింది. దూరం నుంచి చూస్తే అద్భుతం. దగ్గరికి తెచ్చి తను పైకి చదివింది: "మా వెళ్ళికి రండి." నేను లాక్కుని చూశాను. అక్షరాలు చిన్నవి, గీతలు సన్నవి. 'పె'లో పైన ఉండాల్సిన వెంట్రుకంత ఖాళీ ఫాయిల్‌తో పూడుకుపోయి 'వె' అయి కూర్చుంది. "పిలవకముందే పంపించేస్తున్నాం" అని తను నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. 'ద'కీ 'ధ'కీ, 'డ'కీ 'ఢ'కీ తేడా చూపించే చిన్న గీతలు కూడా అక్కడక్కడా మాయమయ్యాయి. మన లిపిలో ఇలాంటి ఇరుకు సందులు ఎన్నో. ఫాయిల్ పేర్ల వరకూ, అదీ పెద్ద అక్షరాల్లో వేయించుకుంటే సరే, మ్యాటర్ అంతా మాత్రం వద్దు. నా బంగారం చివరికి మా రెండు పేర్లకు పరిమితమైంది.

స్టార్లు పోయింది ఇక్కడే అనుకునేరు. కాదు, అంతకుముందు వచ్చిన మొదటి ప్రూఫ్‌లో. అందులో "ఆహ్‌వానిస్‌తున్‌నాము" అని ఉంది. వత్తులన్నీ విడిపోయి, అక్షరాల నెత్తిన పొల్లులు మొలిచాయి. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో మన లిపికి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టాలట, అది మర్చిపోయారు. అడిగిన రోజే సరిచేశారు, కాదనను. కానీ తెలుగులో కార్డులు చేస్తామని చెప్పుకునేవాళ్ళు పంపేముందు ఒక్కసారి పైకి చదువుకోవద్దా? పైగా మేం టైప్ చేసి పంపిన మ్యాటర్‌ని కాపీ చేసుకోకుండా మళ్ళీ టైప్ చేశారు. తేదీ సరిగ్గానే ఉంది, పక్కన వారం మారిపోయింది. తను మ్యాటర్‌ని కింది లైను నుంచి పైకి చదువుతూ పట్టుకుంది. పై నుంచి చదివితే ఏం రాసి ఉండాలో మనకు ముందే తెలుసు కాబట్టి కళ్ళు జారిపోతాయంది. నేను పై నుంచి రెండుసార్లు చదివి "పర్ఫెక్ట్" అని మెసేజ్ కూడా పెట్టేశాను లెండి.

ఫాంట్ల విషయంలో మాత్రం డిజైనర్ ఓపికకు దండం పెట్టాలి. పేర్లకు రామభద్ర, మిగతా మ్యాటర్‌కి మండలి పెట్టారు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే. ఆ రెండు పేర్లూ డిజైనరే చెప్పారు, ఫాంటుకు విడిగా డబ్బు అడగలేదు. అచ్చు ఎంత సైజులో ఉండాలన్నది మా నాన్న తేల్చారు: కళ్ళజోడు తీసి, చెయ్యి చాపి పట్టుకుని, చదవగలిగినదానికి సరే అన్నారు.

ఫోన్‌లో పంపే కార్డు విషయంలో నిరాశే. అచ్చు కార్డునే కుదించి ఒక ఫోటో ఇచ్చారు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది కాబట్టి సన్న అక్షరాలు మసకబారాయి. డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టంగా వెళ్ళింది, కానీ అందరూ తెరిచి చూడరు. నిలువు ఫోన్‌కి సరిపోయేలా పెద్ద అక్షరాలతో విడిగా చేయించుకోవాల్సి వచ్చింది, దానికి మళ్ళీ ఛార్జ్. దారి చూపే క్యూఆర్ కోడ్‌ని కూడా మొదట ఆకుపచ్చ మీద బంగారు రంగులో పెట్టారు. చూడటానికి బాగుంది, ఏ ఫోనూ చదవలేదు. తెల్ల గడిలో నల్లగా, చుట్టూ కాస్త ఖాళీ వదిలి పెట్టించాక వెంటనే పట్టింది.

కార్డులు చెప్పిన రోజుకే వచ్చాయి. కవర్లు పది ఎక్కువ పెట్టారు, అది మాకు చాలా పనికొచ్చింది, ఎందుకంటే చిరునామాలు రాసింది నేను.

మర్నాడు సర్వీసు నుంచి మెసేజ్: "మీ పెళ్ళి కార్డు ఎలా ఉంది?" నేను ఆలోచిస్తుండగానే తను జవాబు కొట్టేసింది: "వెళ్ళి చూసి చెప్తాం."