మనిషి దొరకనప్పుడు: కర్మ చేసేయడమా, ఎదురు చూడడమా?

సముద్రం మీద చేపల వేటకెళ్ళిన మనిషి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. పెద్దకర్మ చేసేయమంటారు పెద్దలు, తల్లి ఒప్పుకోదు. ఏది మేలని తీరం ఊళ్ళవాళ్ళు నన్ను ఇంకా అడుగుతూనే ఉన్నారు.

చేసేయడంలో మేలు లేకపోలేదు. ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని ఏడుస్తారు, పిల్లలకి ఏం జరిగిందో అర్థమవుతుంది. శవం లేకపోతే దర్భబొమ్మకి దహనం చేసే పద్ధతి మనకి ఉండనే ఉంది.

కానీ తొందర దేనికి? గోదావరిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న మునిగిన పడవని అక్టోబరు 22న బయటికి తీస్తే, అప్పటిదాకా దొరకని శవాలు కొన్ని అందులో ఉన్నాయి.

1996 నవంబరు 6 తుపానులో మా మేనత్త భర్త సముద్రం మీద ఉన్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి గాలి కాస్త పెద్దదైతే చాలు, అత్త గుమ్మంలోకొచ్చి నిలబడేది. పిచ్చి పట్టిందన్నారు. అది పిచ్చి కాదు. పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలతో మాట్లాడి, ఇది మనిషిలో లోపం కాదు, పోయాడో ఉన్నాడో తేలని పరిస్థితి పెట్టే బాధ అని చెప్పారు.

నా లెక్కలో అసలు తేడా చేశామా లేదా అన్నదానిలో లేదు, ఎవరు నిర్ణయించారన్న దానిలో ఉంది. పరిహారం రావాలంటే కర్మ జరగాలని బంధువులు చెప్పి, మూడో వారంలోనే అత్త గాజులు తీయించారు. "నా చేతులతో నేనే ఆయన్ని చంపేశాను" అని ఎన్నిసార్లు అందో.

కాగితం వేరు, కర్మ వేరు. మామూలుగా ఏడేళ్ళు కబురు లేకపోతేనే చట్టం చనిపోయినట్టు భావిస్తుంది గానీ, పెద్ద విపత్తుల్లో అంతకంటే ముందే మరణ ధ్రువపత్రం ఇచ్చిన సందర్భాలున్నాయి, 2013 ఉత్తరాఖండ్ వరదలప్పుడు అలాగే ఇచ్చారు. కాబట్టి గల్లంతు ఫిర్యాదు వెంటనే ఇవ్వండి, ఆఫీసుల చుట్టూ మీరు తిరగండి, కర్మ ఎప్పుడన్నది మాత్రం ఎదురుచూస్తున్న ఆ తల్లికో భార్యకో వదిలేయండి.

ఊరు మార్చడం, నిద్రమాత్రలు అంటారు కొందరు. ఊరు మారినంత మాత్రాన ఎదురుచూపు ఆగదు, మాత్రలు డాక్టరు చెబితేనే. నిద్ర, తిండి మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా ఆలస్యం చేయకుండా మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం.

తుపాను వచ్చిన పన్నెండో ఏట అత్త, ఎవరూ చెప్పకుండానే, అంతర్వేదిలో సాగరసంగమం దగ్గర మళ్ళీ పిండం పెట్టించింది. ఆ రాత్రి గాలి వీచినా గుమ్మంలోకి రాలేదు.