రోజుకు వంద రూపాయల వేలం ప్రకటనలు: ఒక చిన్న విశాఖ బ్లాగు అనుభవం

విశాఖపట్నం చుట్టుపక్కల చూడదగిన ప్రదేశాల గురించి తెలుగులో ఒక చిన్న బ్లాగు నడుపుతున్నాను. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ వంటి బౌద్ధ క్షేత్రాలు, భీమునిపట్నంలోని డచ్చివారి సమాధులు, అరకు వెళ్లే రైలు దారి, చలికాలంలో లంబసింగి ప్రయాణం అందులోని ప్రధాన విషయాలు. పాఠకులను తెచ్చుకోవడానికి కొన్నేళ్లుగా వేలం పద్ధతిలో నడిచే ఇంటర్నెట్ ప్రకటనలను వాడుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం గూగుల్ యాడ్స్. కొంత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు. కొంతకాలం బాగా చవకగా క్లిక్‌లు అమ్మే ఒకటి రెండు ప్రకటనల నెట్‌వర్క్‌లు కూడా వాడి చూశాను. ఖర్చు మాత్రం రోజుకు సగటున వంద రూపాయలు దాటనివ్వలేదు. క్లిక్ ఎంత చవక అన్నదానికీ బ్లాగు ఎంత ఎదిగింది అన్నదానికీ నేను చూసినంతలో పెద్దగా సంబంధం లేదు. ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో వెతుకుతున్న మనిషికి, ఆ ప్రశ్నకు జవాబున్న ఒకే ఒక్క పేజీని చూపించడానికి వాడినప్పుడే ఈ డబ్బుకు విలువ దక్కింది. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

ముందుగా, ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు ఫలితాలతో పాటు ప్రకటన కనిపించే చోటు కోసం ఈ వేలం ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే తక్కువ డబ్బుతో దిగినవారికి అవకాశం ఉన్నదల్లా అక్కడే. మన ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంలో ఎక్కువ పాట పాడినవారు తాము పాడిన ధరే చెల్లించి సరుకు తీసుకువెళతారు. శోధన ప్రకటనల తొలినాళ్లలో పద్ధతి కూడా అదే, 1998లో గోటూ.కామ్ అనే శోధన సైటు మొదలుపెట్టిన వేలంలో ఎవరి పాట వారు చెల్లించేవారు, కాబట్టి పోటీదారును చూసి గంటగంటకూ పాటను సవరించుకోవలసి వచ్చేది. 2002లో గూగుల్ తెచ్చిన వేలంలో గెలిచినవారు తమ కింది స్థానంలో ఉన్నవారిని దాటడానికి ఎంత అవసరమో అంతే చెల్లిస్తారు. ఆర్థిక శాస్త్రవేత్త విలియం విక్రీ 1961లో విశ్లేషించిన రెండో ధర వేలానికి ఇది దగ్గరి బంధువు. అంతకంటే ముఖ్యమైనది, పాటతో పాటు ప్రకటన నాణ్యత కూడా లెక్కలోకి రావడం: చూసినవారు క్లిక్ చేసే అవకాశం ఎంత, వెతికిన మాటకూ ప్రకటనకూ పొంతన ఎంత, క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ ఎంత ఉపయోగకరం అన్నవి అందులో ప్రధానం. బాగా సరళం చేసి చెప్పాలంటే, నా పాట మూడు రూపాయలు, నాణ్యత ఎనిమిది అయితే నా బలం 24. ఒక పెద్ద ట్రావెల్ సంస్థ పాట ఆరు రూపాయలు, నాణ్యత మూడు అయితే దాని బలం 18. పైస్థానం నాకే వస్తుంది. నేను చెల్లించేది మూడు కూడా కాదు, 18ని 8తో భాగిస్తే వచ్చే రెండుంపావు రూపాయలు. అసలు లెక్కలో ఇంకా చాలా అంశాలు ఉంటాయి గానీ, దాని దిశ ఇదే. చిన్నవారు డబ్బుతో నెగ్గలేని చోట పొందికతో నెగ్గవచ్చు.

తెలుగులో ఈ పొందిక సాధించడం తేలికా కష్టమా అంటే రెండూ అనే చెప్పాలి. గూగుల్ ప్రకటనల వ్యవస్థ తెలుగుకు తలుపులు తెరిచింది 2018లో. ఏ మాటలు వెతికితే ప్రకటన కనిపించాలో మనం ముందే ఎంచుకుంటాం, వాటినే కీవర్డ్‌లు అంటారు. నేటికీ తెలుగు లిపిలోని కీవర్డ్‌ల మీద పోటీ పడేవారు తక్కువ కాబట్టి నాకు క్లిక్ రెండు మూడు రూపాయల్లో దొరుకుతోంది. అయితే మనవాళ్లలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. తెలుగు లిపిలో ఎంతో ముచ్చటగా రాసుకున్న కీవర్డ్‌లలో సగానికి పైగా, వెతికేవారు మరీ తక్కువగా ఉన్నారన్న గుర్తు పడి పనిచేయకుండా ఊరికే కూర్చున్నాయి. కాబట్టి కీవర్డ్‌లను రెండు లిపుల్లోనూ పెట్టి, ప్రకటనను మాత్రం తెలుగు లిపిలోనే రాశాను. దీనివల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. తెలుగు చదవనివారు ప్రకటనను చూసి వదిలేస్తున్నారు, చదివేవారే క్లిక్ చేస్తున్నారు. డబ్బు పడేది క్లిక్‌కే కాబట్టి జల్లెడ పట్టే పని లిపే చేసిపెట్టింది.

ప్రకటన రాయడంలో మరొక చిక్కు ఉంది. గూగుల్ శోధన ప్రకటనలో ఒక్కో శీర్షికకు 30 అక్షరాల హద్దు. అలాంటి శీర్షికలు 15 దాకా, 90 అక్షరాల వివరణలు నాలుగు దాకా ఇవ్వవచ్చు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే ‘విశాఖపట్నం’ పది స్థానాలు తీసుకుంటుంది. ‘తొట్లకొండకు సొంత బండి లేకుండా ఎలా వెళ్లాలి’ అన్నది నా పేజీ శీర్షిక, అది పట్టలేదు. ‘బండి లేకుండా తొట్లకొండకు’ అని కుదిస్తే 24 స్థానాల్లో ఇమిడింది. అంతకుముందు ‘విశాఖ అందాలు చూడండి’ వంటి ధోరణిలో రాసిన శీర్షికలకు లేని స్పందన ఈ మూడు మాటలకు వచ్చింది. కారణం స్పష్టమే: వెతికేవారి మనసులో ఉన్న సందేహం అందులో ఉన్నది ఉన్నట్టుగా ఉంది.

ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది, జనం నిజంగా ఏ మాటలు టైపు చేసి నా ప్రకటన దాకా వచ్చారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు. ‘అరకు’ అన్న మాటను విడిగా వదిలేస్తే అరకు కాఫీ పొడి కొనాలనుకునేవారంతా వస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీకి గిరాకీ ఉంది గానీ నా పేజీలో కాఫీ అమ్మకం లేదు. ‘భీమిలి’ అంటే ‘భీమిలి కబడ్డీ జట్టు’ సినిమా కోసం వెతికేవారు వస్తారు. ‘సింహాచలం’ అంటే దర్శనం టికెట్లు, ‘వైజాగ్’ అంటే స్టీల్‌ప్లాంటు ఉద్యోగాలు. కాఫీ, సినిమా, టికెట్లు, ఉద్యోగాలు వంటి మాటలను ఒక్కొక్కటిగా, అవి ఉన్న శోధనలకు ప్రకటన చూపవద్దని చెప్పే నెగెటివ్ కీవర్డ్‌ల పట్టికలోకి చేర్చుకుంటూ పోయాను. ఇప్పుడు ఆ పట్టిక అసలు కీవర్డ్‌ల పట్టిక కంటే పొడవైనది, నా దృష్టిలో విలువైనది కూడా. వారానికి ఒకసారి ఈ రిపోర్టు చదివే ఓపిక లేనివారు ఈ ప్రకటనల జోలికి వెళ్లకపోవడమే మంచిది. వదులుగా పొంతన చూసే బ్రాడ్ మ్యాచ్ ఇంత చిన్న బడ్జెట్‌కు పనికిరాదు. కీవర్డ్ భావం ఉన్న శోధనలకే చూపే ఫ్రేజ్ మ్యాచ్, సరిగ్గా అదే భావం ఉన్నవాటికే చూపే ఎగ్జాక్ట్ మ్యాచ్ చాలు. ఈ రిపోర్టు వల్ల రాయవలసిన విషయాలు కూడా తెలిశాయి. చంటిపిల్లలతో బొర్రా గుహలకు వెళ్లవచ్చా అని అడిగేవారు అంతమంది ఉన్నారని నాకు తెలిసింది ఇక్కడే. వారికోసం రాసిన పేజీకి తర్వాత ప్రకటన అవసరమే లేకపోయింది.

ప్రాంతం ఎంపిక గురించి సాధారణంగా ఇచ్చే సలహా నా విషయంలో పూర్తిగా నప్పలేదు. విశాఖపట్నాన్ని ఎంచుకుంటే, మనం మార్చనంతవరకు, విశాఖలో ఉన్నవారితో పాటు విశాఖపై ఆసక్తి చూపినవారికి కూడా ప్రకటన కనిపిస్తుంది. చిన్న వ్యాపారాలవారు ఆ రెండో భాగాన్ని తప్పక తీసేయాలని అంటారు, దుకాణాలకు అది సరైన మాటే. యాత్రల బ్లాగుకు మాత్రం హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని సెలవులకు అరకు వెళ్లాలని వెతికే కుటుంబమే అసలు పాఠకులు. అందుకని అరకు, లంబసింగి పేజీలకు ఆసక్తి ఉన్నవారిని కూడా ఉంచాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగల బావికొండ వంటి పేజీలకు ఊళ్లో ఉన్నవారిని మాత్రమే ఎంచుకున్నాను.

ఇక చవకైన క్లిక్‌ల సంగతి. శోధన ప్రకటనలను ఇతర వెబ్‌సైట్లలోనూ యాప్‌లలోనూ చూపించే అవకాశం కూడా ఉంటుంది. దాన్ని తీసేసి, శోధన ఫలితాలకే పరిమితం చేసుకున్నాను. చిత్రాలతో కూడిన ప్రకటనలను ఒక నెట్‌వర్క్‌లో విడిగా పరీక్షించినప్పుడు క్లిక్ రూపాయి లోపే పడింది. ఆ క్లిక్‌లు ఎక్కడివని రిపోర్టు తెరిచి చూస్తే, పిల్లలు ఆడుకునే రంగులు నింపే ఆటలు, టార్చిలైటు యాప్‌ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఇంకా చవకని చెప్పి చూసేవారు తెరిచిన పేజీ వెనుక మరో కిటికీ తెరిపించే ఇంకొక నెట్‌వర్క్ అయితే, తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య, తెలుగువారు అంతగా లేని దేశాల నుంచి, ఒకే కొలత తెరలతో సందర్శకులను గుంపులుగా పంపింది. ఒక్కరూ రెండో పేజీ తెరవలేదు. ఇక్కడ పోయేది కొద్దిపాటి డబ్బు మాత్రమే కాదు. బ్లాగులో ఆదాయం కోసం గూగుల్ ఇచ్చే యాడ్‌సెన్స్ ప్రకటనలు ఉంటే, వచ్చే సందర్శకుల నాణ్యతకు బాధ్యత బ్లాగు యజమానిదే. దొంగ క్లిక్‌లు పోగుపడితే ఖాతాయే మూతపడవచ్చు. కొత్తగా రాయడం మొదలుపెట్టిన పిల్లలు సంఖ్య చూసి ఇటువైపు వెళుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వేలం లెక్క వేరు. అక్కడ ఎవరూ ఏమీ వెతకడం లేదు. పాటను, అవతలివారు స్పందించే అవకాశపు అంచనాతో గుణించి, దానికి ప్రకటన నాణ్యతను కలుపుతారు. లింకుపై క్లిక్‌ల కోసం అని ఎంచుకుంటే వేళ్లు ఊరికే తాకేవారు ఎక్కువగా వస్తారు. పేజీ పూర్తిగా తెరుచుకోవడాన్ని లక్ష్యంగా ఎంచుకుంటే ధర కొంత పెరుగుతుంది గానీ వచ్చినవారు చదువుతారు. చందాదారులుగా చేరడాన్ని లక్ష్యంగా పెట్టే ఆశ మాత్రం చిన్నవారు వదులుకోవాలి. ప్రకటనను ఎవరికి చూపాలో ఆ వ్యవస్థ నేర్చుకునే దశ దాటడానికి వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి, రోజుకు వంద రూపాయలతో అన్ని చేరికలు రావు.

క్లిక్ తర్వాత జరిగేదాని గురించి చాలామంది ఆలోచించరు. ప్రకటనల ఖాతాలో కనిపించే క్లిక్‌ల కంటే, సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో కనిపించే సందర్శనలు నాకు మొదటినుంచీ తక్కువగానే ఉండేవి. కారణం వెతికితే పేజీ బరువు తేలింది. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే చాలా పెద్దది, దానికి తోడు అనంతగిరి ఘాటు ఫొటోలు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట పేజీ తెరుచుకునేలోపే మనిషి వెనక్కి వెళ్లిపోతాడు, డబ్బు మాత్రం పడిపోతుంది. ఫాంటును తీసేసి ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటుతోనే పేజీ కనిపించేలా చేసి, ఫొటోలను ఫైలు బరువు తగ్గించే వెబ్‌పీ రూపంలోకి మార్చాక ఆ తేడా చాలావరకు తగ్గింది. గూగుల్ అనలిటిక్స్ 4లో పది సెకన్లకు మించి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తించిన పని ఏదైనా చేసినా దాన్ని శ్రద్ధగల సందర్శనగా లెక్కిస్తారు. పది సెకన్లు తెలుగు వ్యాసానికి మరీ తక్కువ. నేను వ్యాసం చివరిదాకా వచ్చినవారిని, ఈమెయిల్ జాబితాలో చేరినవారిని మాత్రమే లెక్క చూసుకుంటాను.

డబ్బు లెక్క తెలిసి దిగాలి. గూగుల్‌లో రోజు సగటు వంద అని పెడితే ఒక్కో రోజు రెండు వందల దాకా ఖర్చు కావచ్చు. నెల మొత్తం మాత్రం 30.4 రెట్లు, అంటే 3,040 రూపాయలు దాటదు. జీఎస్టీ 18 శాతం దీనికి అదనం. ముందుగా చెల్లించే పద్ధతిలో వెయ్యి రూపాయలు కడితే ప్రకటనలకు మిగిలేది సుమారు 847. జీఎస్టీ నమోదు లేని నాలాంటివారికి ఆ పన్ను తిరిగి రాదు. ఈ ఖర్చును బ్లాగుపై వచ్చే ప్రకటనల ఆదాయంతో పూడ్చుకోవచ్చన్న ఆలోచన తెలుగులో పనిచేయదు. రెండు రూపాయలకు కొన్న పాఠకుడి వల్ల తిరిగి వచ్చేది పైసల్లోనే ఉంటుంది. పాఠకుల కోసం ఖర్చు పెట్టగలిగితేనే పెట్టాలి.

ఈ ప్రకటనల వల్ల నా బ్లాగుకు మిగిలింది ఏమిటంటే, ఈమెయిల్ జాబితాలోనూ వాట్సాప్ ఛానెల్‌లోనూ నిలిచిన పాఠకులు, ఏ పేజీ రాయాలో చెప్పిన ఆ సెర్చ్ టర్మ్స్ రిపోర్టు. తిరిగి తిరిగి వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడుగుపెట్టినది తొట్లకొండ, డచ్చి సమాధుల వంటి ఇరుకైన విషయాల పేజీల ద్వారానే. లంబసింగి పేజీకి వచ్చినవారు సంఖ్యలో ఎక్కువ, కానీ హోటల్ వివరాలు చూసుకుని వెళ్లిపోతారు. నవంబరు నుంచి జనవరి దాకా రిసార్టులు, టూర్ ఆపరేటర్లు పోటీకి దిగడంతో ఆ పేజీకి క్లిక్ ధర రెండింతలకు పైగా పెరుగుతుంది. ఆ మూడు నెలలూ లంబసింగి ప్రకటనను ఆపేసి, అదే డబ్బును బౌద్ధ క్షేత్రాల పేజీలకు మళ్లిస్తున్నాను. ఎండ తగ్గి కొండలు ఎక్కడానికి అనువైన కాలం కూడా అదే కాబట్టి, ఊళ్లోవారు వాటికోసం వెతికేది అప్పుడే; వాటిపై పాట పాడే రిసార్టు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.