కొన్నేళ్ల లూసిడ్ డ్రీమింగ్ తర్వాత: ఏమిచ్చింది, ఏమడిగింది

లూసిడ్ డ్రీమింగ్ అంటే నిద్రలో ఉండగానే 'ఇది కల' అని తెలియడం, అంతే. కలను మన ఇష్టప్రకారం నడిపించడం దాని తర్వాతి మెట్టు. అది ప్రతిసారీ కుదరదు. చాలామంది గాల్లో ఎగరాలని మొదలుపెడతారు. నన్ను ఇన్నేళ్లు ఇందులో నిలబెట్టింది మాత్రం పీడకలల నుంచి దొరికిన ఊరట.

చిన్నప్పటి నుంచి నాకు ఒకే పీడకల. ఎవరో వెంటపడతారు, కాళ్లు కదలవు, గొంతు పెగలదు. మెలకువ వచ్చాక కూడా గుండెదడ తగ్గేది కాదు, మళ్లీ కళ్లు మూయాలంటే భయం. సాధన మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఆ కలలోనే, కాళ్లు మొరాయించగానే, 'ఇది ఆ కలే కదా' అని తట్టింది. వెనక్కి తిరిగి నిలబడ్డాను. వెంటపడే మనిషి కూడా ఆగిపోయాడు. ఆ తర్వాత కూడా ఆ కల వచ్చింది కానీ వణుకు రాలేదు. ఇప్పుడు ఎప్పుడో గానీ రావడం లేదు. పగలంతా వెంటాడే ఆ టెన్షన్ పోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద లాభం. ఎగరడం కూడా బాగుంటుంది, కాదనను.

ఇదంతా భ్రమ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒంట్లో కండరాలు దాదాపుగా కదలవు, కళ్లు మాత్రం కదులుతాయి. దీన్ని ఆసరా చేసుకుని 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, నిద్రలో ఉన్న మనిషి ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను కుడిఎడమలకు తిప్పి ఇచ్చిన సంకేతాలను రికార్డు చేశారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ కూడా ఇదే పద్ధతిలో నిరూపించారు. 2021లో వచ్చిన ఒక పరిశోధనలోనైతే, కలలో ఉన్న కొందరు బయటి నుంచి అడిగిన చిన్న చిన్న లెక్కలకు కళ్లతోనే జవాబిచ్చారు.

ఇక దీనికి కావలసింది: మొదట కలలు గుర్తుండాలి. మెలకువ రాగానే కదలకుండా పడుకుని, గుర్తున్నది పట్టుకుని, వెంటనే రాసుకోవాలి. ఫోన్ చూశామా, కల చెదిరిపోతుంది. కొన్ని వారాలు రాశాక, మన కలల్లో పదేపదే వచ్చేవి ఏమిటో తెలుస్తాయి. నా కదలని కాళ్లు నాకు అలాగే పట్టుబడ్డాయి.

రెండోది, కంటినిండా నిద్ర. రెమ్ దశ సుమారు తొంభై నిమిషాలకోసారి వస్తూ, తెల్లవారేకొద్దీ సాగుతుంది. రోజూ ఐదు గంటలే పడుకునేవాళ్లు అసలైన భాగాన్నే వదులుకుంటున్నారు. నాకు పనిచేసే పద్ధతి కూడా ఈ వేళకే సరిపోతుంది. ఐదు గంటల నిద్ర తర్వాత లేచి, కాసేపు మేలుకుని, 'ఈసారి కల వస్తే అది కలని గుర్తుపడతాను' అని మనసారా అనుకుంటూ, అప్పుడే వచ్చిన కలను తలచుకుంటూ మళ్లీ పడుకోవడం. లాబెర్జ్ చెప్పిన పద్ధతే ఇది. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా అనుకున్న ఐదు నిమిషాల్లోపే నిద్రపట్టినవాళ్లకు దాదాపు 46 శాతం ప్రయత్నాలు ఫలించాయి. నా అనుభవమూ అదే: నిద్రపట్టక దొర్లామంటే ఆ రాత్రికి ఇక అంతే.

ఇది కలా నిజమా అని తేల్చుకోవడానికి పగటిపూట ముక్కు మూసి ఊపిరి పీల్చి చూసుకోవడం లాంటి పరీక్షలు నాకు పెద్దగా కలిసిరాలేదు. ఇది కల అని తెలియగానే ఉత్సాహం ఎక్కువై మెలకువ వచ్చేస్తుంటే కలలోనే చేతులు రుద్దుకోవడం మాత్రం బాగా పనిచేసింది.

ఖరీదు కూడా ఉంది. మధ్యలో లేస్తే మర్నాడు తల బరువుగా ఉంటుంది, అందుకే సెలవు రోజుల ముందు రాత్రి మాత్రమే చేస్తాను. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఒళ్లు కదలని స్లీప్ పెరాలిసిస్ ఎదురవుతుంది. ప్రమాదం లేదు, కాసేపట్లో పోతుంది, కానీ ముందుగా తెలియకపోతే హడలిపోతాం. నిజానికీ ఊహకీ తేడా తెలియని మానసిక సమస్యలు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. నిద్రలేమి ఉన్నవాళ్లు ముందు దాన్ని బాగుచేసుకోవాలి. అల్జీమర్స్‌కు ఇచ్చే గ్యాలంటమిన్‌ను కొందరు ఇందుకోసం వాడుతున్నారు. డాక్టర్ చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి నెల కలలు రాయడం తప్ప ఇంకేమీ చేయకండి. ఆ నోట్‌బుక్ ఇంకా ఖాళీగానే ఉంటే అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేవడం వల్ల ఏమీ రాదు.