కుంకుడు కొంటే కాయలే కొనండి, పొడి వద్దు

షాంపూ మానేద్దామనుకున్నవాళ్ళు ముందు కొనేది కుంకుడు పొడి ప్యాకెట్టే. తేడా కొట్టేదీ అక్కడే. నురగ తెచ్చే సాపోనిన్లు కాయ తొక్కలో ఉంటాయి, గింజలో కాదు. చవక పొడుల్లో గింజ కూడా కలిపి ఆడించేస్తారు. తూకం పెరుగుతుంది, నురగ తగ్గుతుంది. ఆ నలుసులు కుదుళ్ళలో ఇరుక్కుని, ఆరాక చుండ్రులా రాలతాయి. వానాకాలం కోనసీమ తేమకి డబ్బాలోనే గడ్డ కడుతుంది కూడా.

అదే కాయలైతే నాణ్యత కంటికి కనిపిస్తుంది. ముడతలు పడి, గోధుమరంగులో నిగనిగలాడుతూ, విరిస్తే వేలికి జిగురు అంటేవి తీసుకోండి. బూజు వాసన వస్తే వద్దు. రంపచోడవరం వైపు గిరిజనులు ఏరే సరుకు కావాలంటే 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, దుకాణాల్లో అడిగి చూడండి.

భుజాల దాకా జుట్టుకి ఆరేడు కాయలు, నడుము దాకా అయితే పది పన్నెండు. చితక్కొట్టి గింజలు ఏరేసి, అరలీటరు వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. తొందరైతే సన్నసెగ మీద పది నిమిషాలు కాచినా చాలు. బాగా పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఈ పని బద్ధకిస్తే పొడితో వచ్చిన తంటాయే మళ్ళీ వస్తుంది. ఒట్టి రసం జుట్టుని పీచులా చేస్తుంది కాబట్టి అందులో మూడోవంతు పల్చటి గంజి కలపండి, లేదా గుప్పెడు మందారాకు నలిపి తీసిన జిగురు. మన అమ్మమ్మలు గంజి పారబోయకుండా దాచింది ఇందుకే. మిగిలిన రసం మర్నాటికే పులుస్తుంది, ఫ్రిజ్‌లో అయితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది.

కొబ్బరినూనె దిట్టంగా పట్టించినరోజు ఒక్క రుద్దుకి జిడ్డు వదలదు. రసాన్ని రెండు భాగాలు చేసి రెండుసార్లు రుద్దండి. శీకాయ నురగ తక్కువ, కానీ మెత్తగా ఉంటుంది. పొడిజుట్టు వాళ్ళు సగం సగం కలుపుకోవచ్చు.

అంతర్వేది వైపు, భీమవరం రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్ళు ఉప్పగా, గరుకుగా ఉండేవాళ్ళు ఇంట్లో చేసిన సబ్బు బిళ్ళల జోలికి పోకండి. ఆ నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిసి జుట్టుకి మైనంలా పట్టేస్తుంది. కుంకుడుకి ఆ పేచీ లేదు. ఆఖరి చెంబు మాత్రం కాలువ నీళ్ళో, వాన నీళ్ళో పోసుకుంటే జుట్టు తేలిగ్గా విడిపోతుంది.

సీసా మీద శీకాయ బొమ్మ చూసి మోసపోకండి. వెనక చిన్న అక్షరాల్లో నీళ్ళ తర్వాత సోడియం లారెత్ సల్ఫేట్ అని ఉంటే అది మామూలు షాంపూయే.

పిల్లలకి తలంటేటప్పుడు తల వెనక్కి వంచి పోయండి. కంట్లో పడితే చాలా మండుతుంది. నాలిక మీద ఉప్పుకల్లు వేసినా వేయకపోయినా, మంట తగ్గేదాకా చన్నీళ్ళతో కన్ను కడుగుతూనే ఉండాలి.