పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చేటప్పుడు: పాత చోటికా, పక్క ఫోల్డర్‌లోకా?

ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్‌కు బ్యాకప్ నుంచి ఫైళ్లు తేవాలంటే ల్యాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) మీదుగా తేవడం మేలా, బ్యాకప్ డిస్కునే తీసుకెళ్లి ఆ కంప్యూటర్‌కు తగిలించడం మేలా అని చాలామంది అడుగుతుంటారు. దానికి జవాబు చెబుతాను. అయితే తెచ్చిన ఫైళ్లను ఎక్కడ దించాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నేను చూసిన పెద్ద నష్టాలు అక్కడే జరిగాయి.

ముందు దారి సంగతి. కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె, అంటే స్విచ్, పాత 100 ఎంబీపీఎస్‌ది (సెకనుకు 100 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) అయితే సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు) వరకు వస్తుంది. 500 జీబీ రావడానికి 12 గంటలు దాటుతుంది. దానికి పదింతల వేగమున్న గిగాబిట్ స్విచ్ అయితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, గంటన్నర లోపే అయిపోతుంది. యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించిన మామూలు హార్డ్ డిస్కు వేగం కూడా ఇంచుమించు అంతే కాబట్టి గిగాబిట్ ఉన్నవాళ్లు డిస్కు మోసుకెళ్లనక్కర్లేదు. స్విచ్ గిగాబిట్‌దే అయినా వేగం రాకపోతే కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, ఒక్క జత పాడైనా వేగం 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. స్కాన్ చేసిన బిల్లుల్లాంటి చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే మాత్రం డిస్కే నయం. నెట్‌వర్క్ మీద ప్రతి ఫైలునూ తెరిచి, రాసి, మూయడానికి రెండు కంప్యూటర్ల మధ్య విడివిడిగా రాకపోకలు జరగాలి, పైన చెప్పిన లెక్కలు అక్కడ పనికిరావు.

క్లౌడ్ బ్యాకప్ రెండు మూడు ఫైళ్లకు బాగుంటుంది. 200 జీబీ దించాలంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్ పూర్తి వేగంతో నడిచినా నాలుగున్నర గంటలు.

ఇక అసలు విషయం. నాకు తెలిసిన ఒక అకౌంట్స్ ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, అందరికీ ఒకే షేర్డ్ ఫోల్డర్. ఒక సోమవారం ఉదయం ఎవరో పొరపాటున అందులో నాలుగు ఎక్సెల్ ఫైళ్లు తొలగించారు. షేర్ మీదుగా తొలగించినవి మామూలుగా రీసైకిల్ బిన్‌లో కనిపించవు, అందుకని బ్యాకప్ తీశారు. అది శనివారం రాత్రిది. సాయానికి వచ్చినతను ఫోల్డర్ మొత్తాన్నీ పాత చోటికే దించాడు. ఉన్న ఫైళ్ల స్థానంలో ఇవి పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగితే, అన్నింటికీ అవునని నొక్కాడు. పోయిన నాలుగు ఫైళ్లూ వచ్చాయి. కానీ పొద్దుటి నుంచి ఒక ఉద్యోగిని కూర్చుని ఎక్కించి, సేవ్ చేసి మూసిన కొనుగోళ్ల పట్టిక శనివారం నాటి పట్టికగా మారిపోయింది. భోజనం చేసి వచ్చి ఆమె ఫైలు తెరిచేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఒంటరి కంప్యూటర్‌కూ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌కూ ఇదే తేడా. మన ఇంటి కంప్యూటర్‌లో బ్యాకప్ తర్వాత ఏం మారిందో మనకు గుర్తుంటుంది. పదిమంది రాసే ఫోల్డర్‌లో ఎవరు ఏం మార్చారో ఎవరికీ పూర్తిగా తెలియదు. అందుకే నేను పక్క ఫోల్డర్ వైపే మొగ్గుతాను. బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లోకి దించి, పాతదానితో పోల్చి, లేనివాటిని మాత్రమే కాపీ చేసుకోవాలి.

పాతవైతేనే మార్చు అనే ఎంపిక ఉందిగా అనవచ్చు. అది తేదీలను నమ్ముకుంటుంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటర్ ఒక్కటి ఉన్నా, అందులో తయారుచేసి షేర్‌లోకి కాపీ చేసిన ఈరోజు ఫైలు పాతదిగా కనిపిస్తుంది. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే కమాండ్ రోబోకాపీ వాడేవాళ్లు అందులోని మిర్రర్ (/MIR) అనే ఎంపిక జోలికి అసలు పోవద్దు. బ్యాకప్‌లో లేని ప్రతి ఫైలునూ అది గమ్యస్థానం నుంచి తుడిచేస్తుంది. ఈరోజు పుట్టిన ఫైళ్లన్నీ బ్యాకప్‌లో లేనివే కదా!

పక్క ఫోల్డర్‌కు ఇబ్బందులు లేకపోలేదు. డిస్కులో అంత ఖాళీ అదనంగా ఉండాలి. పోల్చడానికి ఓపిక కావాలి. ఇంకొకటి: విండోస్‌లో అదే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే ఫైలు తన పాత అనుమతులతోనే వెళ్తుంది. అడ్మిన్ ఒక్కరికే తెరుచుకునే ఫోల్డర్‌లో దించి, అక్కడి నుంచి కట్ చేసి పెడితే మిగతావాళ్లకు ఆ ఫైళ్లు తెరుచుకోవు. కాపీ చేసి పెడితే చేరిన ఫోల్డర్ అనుమతులే వస్తాయి కాబట్టి ఎప్పుడూ కాపీయే చేయండి.

పాత డిస్కు పూర్తిగా పోయి కొత్తది వేసినప్పుడు పాత చోటికే నేరుగా దించడం సరైన పని. అక్కడ చెరిగిపోవడానికి ఏమీ ఉండదు, ఎక్సెల్ లింకులూ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వెతికే దారులూ చెడవు.

వైరస్ ఫైళ్లకు తాళం వేసిన సందర్భం మాత్రం వేరు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ నెట్‌వర్క్‌ల మీదుగా తనంతట తానే పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే సవరణ ఇచ్చింది, వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. అలాంటప్పుడు ల్యాన్ కేబుల్ పీకి, విండోస్ కొత్తగా ఎక్కించి, సవరణలు వేసి, డిస్కు నుంచే ఫైళ్లు తెచ్చుకోవాలి. మిగతా కంప్యూటర్లన్నీ శుభ్రమయ్యాకే కేబుల్ మళ్లీ పెట్టాలి.

పక్క ఫోల్డర్ పేరులో బ్యాకప్ తేదీ, దించిన తేదీ రెండూ రాయండి. పని అయిన వెంటనే దాన్ని తీసేయకండి. ఇంకో ఫైలు కూడా పోయిందని ఎవరో ఒకరు మూడో రోజునో నాలుగో రోజునో వచ్చి చెబుతారు. నేను 15 రోజులు ఉంచుతాను.