పాత డాస్ ప్రోగ్రామ్, కొత్త ఎనిమిది కోర్లు: ఏది మేలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో డాస్ (విండోస్‌కు ముందటి పాత ఆపరేటింగ్ సిస్టమ్) కాలపు లెక్కల ప్రోగ్రామ్‌తోనే తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) తీసే అడ్తి దుకాణం కంప్యూటర్ మార్చాలంటే టెన్షనే. 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రామ్‌ను నేరుగా నడపదు. మరి ఏం చేయాలి?

కొత్త మెషీన్‌లో నేరుగా ఫ్రీడాస్ వేయొచ్చు. జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఈ ఉచిత డాస్ చాలా చిన్నది, చకచకా లేస్తుంది. కానీ దానికి పాత పద్ధతి బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) కావాలి. చాలా కొత్త బోర్డుల్లో దాని బదులు వచ్చిన యూఈఎఫ్ఐ ఒక్కటే ఉంటోంది.

డాస్‌నే తిరగరాసి ప్రాసెసర్‌లోని అన్ని కోర్లూ (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) వాడిద్దామనే ఆలోచన కుర్ర ప్రోగ్రామర్లకు బాగా నచ్చుతుంది. నేను మాత్రం వద్దనే అంటాను. కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక్క కోరే పని మొదలుపెడుతుంది, మిగతావాటిని ఆపరేటింగ్ సిస్టమే సిగ్నల్ పంపి లేపాలి. ఆ కోడ్ రాయడం సాధ్యమే, అసలు చిక్కు ఆ తర్వాతే. డాస్ ఒక పనిలో ఉండగా మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ దాన్ని పిలిస్తే లోపలి స్టాక్ (పని వివరాలు తాత్కాలికంగా దాచుకునే చోటు) చెడిపోవచ్చు. అందుకే ‘ఇన్‌డాస్’ అనే గుర్తు చూసుకుని పిలవాల్సి వచ్చేది. ఒక్క కోర్‌తోనే ఇంత జాగ్రత్త! ఎనిమిది కోర్లు ఒకేసారి పిలిస్తే అడుగడుగునా లాక్‌లు (ఒకటి వాడుతుంటే ఇంకోదాన్ని ఆపే ఏర్పాట్లు) పెట్టాలి. అంత చేసినా లాభం ఏది? ఒక్క కాంటా ఉన్న దుకాణంలో ఎనిమిది మంది హమాలీలను పెట్టినా తూకానికి ఒక్కో బస్తానే ఎక్కుతుంది. వరుసగా నడిచేలా రాసిన ప్రోగ్రామ్ కూడా అంతే.

నా ఓటు లినక్స్ మీద క్యూఈఎంయూలో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) ఫ్రీడాస్‌కే. డాస్‌కు ఒక కోర్ ఇచ్చి, మిగతావాటి మీద బ్యాకప్, బ్రౌజర్ లినక్సే నడిపిస్తుంది. డాస్ ఊరికే ఉన్నప్పుడు కూడా కోర్‌ను తిప్పుతూనే ఉంటుంది కాబట్టి ఎఫ్‌డీఏపీఎం అనే ఫ్రీడాస్ విద్యుత్ ఆదా ప్రోగ్రామ్ వేయండి, ఆ వృథా తగ్గుతుంది. డాస్ ప్రోగ్రామ్‌లను నడిపే డాస్‌బాక్స్ ప్రధానంగా ఆటల కోసం చేసింది. దాన్నుంచి వచ్చిన డాస్‌బాక్స్-ఎక్స్‌లో ప్రింటింగ్ సౌకర్యం ఉంది, వేగం కూడా తగ్గించుకోవచ్చు. టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన ప్రోగ్రామ్ వేగం ఎక్కువై ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ చూపిస్తే అది పనికొస్తుంది.

రెండు విండోల్లో రెండు డాస్‌లు తెరవొచ్చు గానీ, ఒకే ఖాతా ఫైల్‌ను రెండింటిలో తెరవకండి. ఒకదాని లాక్ ఇంకోదానికి తెలియకపోతే ఇండెక్స్ (ఖాతాలను వెతికి పెట్టే పట్టిక) పాడవొచ్చు. ఇక మిర్చి రాక ముందే డాట్ మ్యాట్రిక్స్ మీద ఒక తక్‌పట్టీ తీసి చూసుకోండి.